ఎవరికి?

తెల్లవారుజామున నాలుగున్నరకి డిపో గేటు తీస్తారు.
మోంటెవీడియోలో జూలై అంటే నడి చలికాలం.
నది మీంచి వచ్చే గాలి
కోటు గుండీల మధ్య దారి వెతుక్కుంటుంది.
నేను కండక్టర్ని. ఒతీలియా, ముప్పై నాలుగేళ్లు.
చిల్లర డబ్బా అడుగున
నాలుగు మడతల కాగితం:
ప్రతి ఎప్సిలాన్‌కీ ఒక డెల్టా.

సాయంత్రం ఏడింటికి రెండో అంతస్తు, చివరి గది.
లార్రోసా మేడం సుద్ద అరిగేదాకా రాస్తుంది,
రాసిందంతా చెరిపి
ఇప్పుడు మీరు చెప్పండి అంటుంది.
మొదటి వారం నా కాగితం మీద
"ఇది స్పష్టమే కదా" అని రాశాను.
ఆ మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి
పక్కన ఒకే మాట రాసింది:
ఎవరికి?

ఒకటి బై ఎన్ సున్నాకి చేరువవుతుందని
పదేళ్లప్పుడే తెలుసు నాకు.
రుజువు చెయ్యడానికి ఆదివారమంతా పట్టింది.
కొండను తవ్వి ఎలుకను పట్టావన్నాడు ఫాబ్రీసియో,
మా డ్రైవరు, మాతే బుర్రలోకి వేడినీళ్లు వంపుకుంటూ.
నిజమే.
తవ్వితే గానీ తెలీలేదు,
నేను నిలబడిందంతా బోలు నేల అని.
ఎంత పెద్ద సంఖ్య చెప్పినా
దాన్ని దాటిపోయే ఎన్ ఒకటి ఉందని
ఎవరు హామీ ఇచ్చారు నాకు?
అడిగేదాకా
అదొక హామీ అనే తోచలేదు.

అక్టోబరు పరీక్షలో పన్నెండుకి మూడు.
తప్పు ఎక్కడంటే, మాటలు అటూ ఇటూ అయ్యాయి.
ప్రతి ప్రయాణికుడికీ దిగే స్టాపు ఒకటుంది.
ఒక స్టాపుంది, ప్రతి ప్రయాణికుడూ దిగేది.
మాటలు అవే.
బస్సు వేరు.

రాంబ్లా మలుపు దగ్గర ఊగుతూ
కమ్మీ పట్టుకుని ఆలోచించాను.
నా ఓపికా అలాంటిదే. చోటుకో డెల్టా.
ఒక్కో నాణెమూ వెలుతురుకి పట్టి చూసుకునే
ముసలాయనకి బోలెడు,
బడిపిల్లలకి కాస్త,
శనివారం రాత్రి తాగి ఎక్కేవాళ్ల దగ్గర
సున్నా అంచున ఒకటి బై ఎక్స్‌లా
వెంట్రుకవాసి, అందులో సగం, ఆ సగంలో సగం.
అందరికీ సరిపోయే ఒక్క డెల్టా
ఎవరి దగ్గరుంటుంది?

రెండు కొసలూ మూసిన చోట ఉంటుందట.
వంటింటి బల్ల మీద, కెటిల్ కూత పెట్టినా లేవకుండా,
అది నా చేత్తో నేను చేశాను.
ప్రతి బిందువు చుట్టూ దాని దాని కంచె.
కంచెలు అనంతం. కానీ గుప్పెడే చాలు మొత్తం కప్పడానికి.
గుప్పెడన్నాక
వాటిలో చిన్నది ఒకటుంటుంది, సున్నా కానిది,
దాన్ని సగం చేసి తీసుకో.
సగం ఎందుకో తెలియక మూడు రాత్రులు పోయాయి.
తెలిసిన రాత్రి చెప్పడానికి ఎవరూ లేరు.
పై వాటాలో ఎవరో కుర్చీ జరిపారు.
ఆ చప్పుడుకే తలూపాను.

డిసెంబరులో మళ్లీ రాశాను. ఏడు.
గొప్పేం కాదు.
మేడం కాగితం తిప్పి చూపించింది,
మూడో పంక్తిలో ఒక ఖాళీ.
పూడ్చొచ్చు, కానీ నువ్వు పూడ్చలేదు, అంది.
నాకు కోపం రాలేదు.
నా ఖాళీ నాకు కనిపించడం
ఆ గదిలోకి వచ్చాకే.

నిన్న రాత్రి ఆఖరి ట్రిప్పు, సెర్రో కొండ దాకా.
వెనక సీట్లో నిద్రపోతున్న ఒకాయన
దిగ్గున లేచి, మీసం తుడుచుకుని అడిగాడు:
ఇదే ఆఖరి స్టాపా?

పదకొండేళ్లుగా ఇదే రూటు.
అవుననబోయి ఆగాను.
అద్దం మీద ఆవిరి తుడిచి
బోర్డు చూశాను, ఆరిపోయిన దుకాణం చూశాను,
ఫాబ్రీసియో ఇంజిను ఆపడం విన్నాను.

అవును, అన్నాను అప్పుడు.